పట్టా లేని గొంతు

పుష్య అమావాస్య దాటింది. లక్కడ్‌కోట్‌లో ఇంకా తెల్లవారలేదు. రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నారు మీరు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎదురుగా పత్తి బోరాలు నింపిన లారీ ఆగి ఉంది, టార్పాలిన్ మీద మంచు తడి. చాయ్ పోసే మనిషి లారీ డ్రైవరుతో మరాఠీలో ఏదో అని, వెంటనే మీ వైపు తిరిగి తెలుగులో, "ఆసిఫాబాద్‌కేనా? కూసోండ్రి, బస్సొస్తది" అన్నాడు. మీ పక్కన తెల్ల తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి మనవరాలితో గోండీలో మాట్లాడుతున్నాడు. కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు పోతున్నారు. ఇక్కడి నుంచి కేస్లాపూర్ దాకా మీరూ వాళ్లూ తోడు.

ఈ ఊరు చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకాలోది. కాస్త ముందుకు పోతే గోయెగావ్, అక్కడి నుంచి తెలంగాణ. 1956 నవంబరుకు ముందు ఇక్కడ హద్దు లేదు. రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి, మొదట నాందేడ్‌లోనూ 1959లో చాందా జిల్లాలోనూ కలిసింది. గీత గీసినవాళ్లు మ్యాపు మీద గీశారు. గోండులు, కోలాములు, తెలుగువాళ్లు గీతకు రెండు వైపులా మిగిలారు. బిడ్డను ఇచ్చిన ఊరు ఒక రాష్ట్రం, కోడలిని తెచ్చుకున్న ఊరు ఇంకో రాష్ట్రం.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. హెడ్‌లైట్ల వెలుగులో టేకు చెట్లు, ఏరిన పత్తి చేలు, మధ్యలో ఎవరో వేసుకున్న చలిమంట. వాంకిడిలో ఎక్కినవాళ్లలో ఒకాయన ఆ పెద్దమనిషికి వరసకు అల్లుడు. నలభై దాటి ఉంటాయి. చంకలో ప్లాస్టిక్ కవర్, అందులో ఆధార్ జిరాక్సు, పాత రసీదులు, మడతలు పడిన అర్జీ. పలకరింపులయ్యాక కవర్ ఒళ్లో పెట్టుకుని మీకు చెబుతాడు:

"మా తాత కొట్టిన పోడు. మా నాయన దున్నిండు. నేను దున్నుతున్న. కాయితం ఒక్కటి లేదు సారూ. జాతర దర్బార్ల ఇస్త."

బస్సులో నలుగురిని అడిగితే ముగ్గురి కథ ఇలాగే మొదలవుతుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి భూమి తమ సాగులో ఉందని చూపించగలిగిన ఆదివాసీకి హక్కు ఇవ్వాలంటుంది. చూపించడం ఎలా? కాగితం అడిగే ఆఫీసు, ఇన్నేళ్లుగా కాగితం ఇవ్వని ఆఫీసు ఒక్కటే. అక్కడి రికార్డులో ఈ మనిషి పేరు ఎదుట ఉండేది రైతు అన్న మాట కాదు, ఆక్రమణదారు.

ఆసిఫాబాద్ బస్టాండులో తెల్లవారింది. కేరామేరి వైపు పోయే బస్సు మారాలి. తూర్పున కాగజ్‌నగర్. ఆ దిక్కున 2019 జూన్‌లో జరిగిన రెండు సంగతులు ఇక్కడ నిలబడి చెప్పుకోవాలి, ఎందుకంటే రెంటినీ కలిపి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ నెల రెండో వారంలో కోలాంగొంది అనే గూడెంలోకి అటవీశాఖ యంత్రాలు వచ్చాయి. కోలాముల గుడిసెలు కూల్చాయి. చంటిపిల్లలతో సహా 67 మందిని తీసుకుపోయి వేంపల్లి కలప డిపోలో ఉంచారు. దుంగలు పేర్చే చోట మనుషుల్ని ఉంచారు. సంగతి హైకోర్టు దాకా పోతే, సెలవు రోజున అప్పటి తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి తన ఇంట్లోనే విచారణ జరిపారు. ఆ కోలాములను బస్సులో హైదరాబాద్ తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టారు. వాళ్లకు నీడ, ప్రత్యామ్నాయ భూమి చూపాలని కోర్టు చెప్పవలసి వచ్చింది.

అదే నెల 30న కొత్త సార్సాలలో మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో వెళ్లిన అటవీ సిబ్బంది మీద గుంపు విరుచుకుపడింది. ట్రాక్టరు మీద నిలబడిన మహిళా రేంజ్ ఆఫీసరును కర్రలతో కొట్టారు. గుంపును నడిపించినవాడు జిల్లా పరిషత్తు ఉపాధ్యక్షుడు, ప్రజలు ఎన్నుకున్న మనిషి. ఆ వీడియో దేశమంతా చూసింది. దాన్ని వెనకేసుకురావడానికి నాకు నోరు రాదు. ఉద్యోగం చేసుకుంటున్న ఆడమనిషి తల మీద కర్ర పడితే అది పోరాటం కాదు.

అయితే మొదటి సంగతికి దేశం అంతగా ఉలిక్కిపడలేదు. దానికి పత్రికల్లో వచ్చిన పేరు తరలింపు. రెండోదానికి దాడి. 67 మందిని కలప డిపోలో పెట్టినప్పుడు ఎవరూ గొంతు పెంచి ఉండరు, ఎవరూ కర్ర ఎత్తి ఉండరు. అంతా ఫైలు ప్రకారం నడిచింది. ప్రజాస్వామ్యంలో అమర్యాద అనగానే మనకు అరిచిన నోరు, ఎత్తిన చెయ్యి కనిపిస్తాయి. సంతకం చేసి పంపిన బుల్‌డోజరు అమర్యాదగా కనిపించదు. నా పట్టింపు ఇదే.

ఇంకొక మాట. సరిగ్గా నాలుగేళ్లకు, 2023 జూన్ 30న, ఇదే ఆసిఫాబాద్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రమంతా కలిపి సుమారు 4 లక్షల ఎకరాలు, లక్షన్నర మంది. ఆ లక్షన్నర మందీ నిన్నటిదాకా ఆక్రమణదారులే. ఒక్క కాగితంతో రైతులయ్యారు. మీ పక్కన ఉన్నాయన పేరు మాత్రం ఆ జాబితాలో రాలేదు.

కేరామేరి దాటాక ఘాట్. బస్సు మూలుగుతూ ఎక్కుతోంది. మలుపు మలుపుకీ లోయ కిందికి జారిపోతోంది, ఎండుటాకుల వాసన కిటికీలోంచి కొడుతోంది. ఉత్తరాన ఆ కొండల మీద పద్నాలుగు ఊళ్లు ఉన్నాయి. వాటిని మహారాష్ట్ర జీవతి తాలూకాలో లెక్కేస్తుంది, తెలంగాణ కేరామేరి మండలంలో లెక్కేస్తుంది. రెండు పంచాయతీలు, రెండు బడులు, రెండు ఓటరు కార్డులు. ఎన్నికలొస్తే రెండు రాష్ట్రాల నాయకులూ వచ్చి దండం పెడతారు. దున్నే భూమికి మాత్రం చాలామంది దగ్గర ఏ రాష్ట్రం పట్టా లేదు. రెండు ప్రభుత్వాలు కలిసి కూడా వాళ్లకు ఒక్క కాగితం ఇవ్వలేకపోయాయి.

హట్టి దగ్గర బస్సు ఆగింది. ఇక్కడి నుంచి లోపలికి దారి చీలి జోడేఘాట్‌కు పోతుంది. పెద్దమనిషి అటు తిరిగి రెండు చేతులూ జోడించాడు. మనవరాలిచేత కూడా పెట్టించాడు.

కళ్లు మూసుకుని 1930లు చూడండి. ఈ కొండల్లో నిజాం సర్కారు అడవికి హద్దురాళ్లు పాతింది. రాయి లోపల పడిన చేను రాత్రికి రాత్రి నేరమైంది. పశువు మేస్తే పన్ను, కట్టె కొడితే జరిమానా, రశీదు లేని మామూళ్లు. మైదానంలో పట్టా భూమి షావుకారు ఖాతాలో కలిసిపోయింది. గోండు నాయకుడు కొమురం భీం చిన్నాన్నల చేను మీదికి సిద్దిఖీ అనేవాడు హక్కుదారునని వచ్చాడు. ఆ గొడవలో సిద్దిఖీ చచ్చాడు. భీం బల్లార్షా, చాందా వైపు పారిపోయాడని, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి, చదవడం రాయడం నేర్చుకుని తిరిగొచ్చాడని ఇక్కడ ఇంటింటా చెబుతారు. ఇందాక మీరు చాయ్ తాగిన లక్కడ్‌కోట్ దిక్కే ఆ చాందా దిక్కు.

తిరిగొచ్చినవాడు బాబేఝరి దగ్గర తనవాళ్లతో అడవి కొట్టి చేను చేశాడు. అనుమతి లేదు. జంగ్లాత్ (అటవీశాఖ) వాళ్లు వచ్చి గుడిసెలు తగలబెట్టారు. మళ్లీ కట్టుకున్నారు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్లు ఒక్కటై, ఇవి మావి, మా రాజ్యం మాకు కావాలన్నాయి. ముందు అర్జీలు పెట్టుకున్నారు. అర్జీ పోయిన దారిన జవాబు రాలేదు. 1940లో పోలీసులు వచ్చారు. భీం, ఆయన మనుషులు కాల్పుల్లో పడిపోయారు. ఏటా ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌లో వర్ధంతి చేస్తారు.

బస్సు కదిలింది. ఘాట్ దాటాక జైనూరు, దాని పక్కన మార్లవాయి. భీం నేలకొరిగాక నిజాం సర్కారుకు ఒక ప్రశ్న పుట్టింది: వీళ్లు ఎందుకు తిరగబడ్డారు? తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బడి ఈ ఊళ్లోనే మొదలైంది. సేతు మాధవరావు పగ్డి అనే అధికారి గోండీ నేర్చుకుని, ఆ భాషలోనే ఫిర్యాదులు విని, భూములు పంచాడు. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. ఊరివాళ్లు దీపం పెడతారు.

హైమన్‌డార్ఫ్ చేసిన మేలును తక్కువ చెయ్యను. అయినా వరస చూడండి. అర్జీలు పెట్టినన్నాళ్లూ ఆ భాష నేర్చుకోవాలని ఏ అధికారికీ అనిపించలేదు. తుపాకులు పేలాకే అనిపించింది.

ఉట్నూరులో పది నిమిషాలు ఆగి, బస్సు ఇంద్రవెల్లి వైపు సాగింది. ఎండ ఎక్కింది. ఊరి పొలిమేరలో స్తూపం కనిపించగానే బస్సులో మాటలు తగ్గాయి.

1981 ఏప్రిల్ 20. సోమవారం, సంత రోజు. మీరు ఆ సంతలో ఉన్నారు. ఉప్పు, మిరపకాయలు, గాజులు, కుండలు. నాలుగు దిక్కుల కాలిబాటల నుంచి గోండులు దిగుతున్నారు, ఆడవాళ్లు, పిల్లలు, డోళ్లు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. వాళ్ల కోరికలు కొత్తవి కావు: సాగు చేసుకుంటున్న భూములకు పట్టాలు, అన్యాక్రాంతమైన భూములు వాపసు, షావుకారు అప్పుల నుంచి విడుదల. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1970 నాటి 1/70 చట్టం చెప్పి పదేళ్లు దాటింది. చట్టం గట్టిదే. భూములు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. గోండు చేతిలోంచి పోయిన చేనును ఆక్రమణ అన్నవాళ్లు తక్కువ. ఆ గోండే బతకడానికి అడవిలోకి పోయి కొట్టుకున్న చేను మాత్రం ఆక్రమణ.

సభకు మొదట ఇచ్చిన అనుమతిని ఆఖరి గడియలో రద్దు చేశారు. ఆ కబురు అడవి గూడేలకు ఎట్లా చేరుతుంది? రాత్రే బయలుదేరినవాళ్లు దారిలో ఉన్నారు. పోలీసులు వెనక్కి పొమ్మన్నారు. గుంపు పెరిగింది, పెనుగులాట మొదలైంది. ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. తుపాకులు పేలాయి. సంత చెల్లాచెదురైంది, డోళ్లు, చెప్పులు, ఉప్పు మూటలు నేల మీద. చనిపోయినవాళ్లు 13 మందని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు, ఊళ్లవాళ్లు చెప్పే సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

మైకు పెట్టి, సభ చేసి, కోరికలు చదివి వినిపించడం కంటే మర్యాదైన పద్ధతి ప్రజాస్వామ్యంలో ఏముంది? ఆ పద్ధతినే మూసేశారు. 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మరుసటి ఏడు మళ్లీ కట్టారు. ఎన్నో ఏళ్ల పాటు ఏప్రిల్ 20 వస్తే చాలు, 144 సెక్షన్. తమవాళ్ల రాయి దగ్గర పువ్వు పెట్టడానికి పోలీసుల అనుమతి కావలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి ఆ స్తూపానికే నివాళి అర్పించారు. అప్పటికి 43 ఏళ్లు కావస్తోంది.

ఇంద్రవెల్లి నుంచి కేస్లాపూర్ ఎంతో దూరం లేదు. జాతర దుమ్ము ముందే కనిపిస్తోంది. నాగోబాను కొలిచే మెస్రం వంశంవాళ్లు గోదావరిలోని హస్తినమడుగు దాకా నడిచిపోయి జలం తెచ్చారు. మర్రిచెట్ల కింద వంటలు, పిల్లల కేరింతలు, భేటింగ్‌లో నాగోబాకు పరిచయమైన కొత్త కోడళ్ల తెల్ల చీరలు. పక్కన షామియానా. నాగోబా దర్బార్.

ఈ దర్బార్ కూడా హైమన్‌డార్ఫ్ 1940లలో మొదలుపెట్టించిందే. అధికారులే కదిలి వచ్చి ఆదివాసుల మాట వినాలన్నది ఆయన ఆలోచన. వేదిక మీద కలెక్టరు, ఎస్పీ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి, ఎమ్మెల్యేలు. కింద రాయి సెంటర్ల (ఆదివాసీ పంచాయతీల) పెద్దలైన సార్‌మేడీలు ముందు వరుసలో, వెనక వేల మంది. మీకు షామియానా కట్టె దగ్గర చోటు దొరికింది. బస్సులో వచ్చినాయన మైకు వరుసలో నిలబడ్డాడు, కవర్ గుండెకు పెట్టుకుని.

ఒకరి తర్వాత ఒకరు. రోడ్డు లేదు. నీళ్లు లేవు. మూడు ఫేజుల కరెంటు లేదు. పోడు, పోడు, పోడు. ఆయన వంతు వచ్చింది. మొదట మెల్లగానే మొదలుపెట్టాడు. తాత, నాయన, రసీదులు. అటవీశాఖ వాళ్లు కందకం తవ్విన సంగతికి వచ్చేసరికి గొంతు లేచింది.

"నువ్వొచ్చి సూడు సారూ! మా చేను నడుమకెల్లి తవ్విండ్రు. ఎవనికి చెప్పుకోవాలె?"

వేదిక పక్కన నిలబడిన ఒకాయన మైకు అందుకున్నాడు. "పెద్ద సార్ల ముందర అట్ల మాట్లాడొద్దు. మర్యాదగ, తొందరగ చెప్పు." నువ్వు అనడం ఇక్కడి పల్లె మాటలో తిట్టు కాదు. పెద్దలనైనా దేవుడినైనా అట్లాగే పిలుస్తారు. ఆయన ఒక్క క్షణం ఆగిపోయాడు.

ఇలాంటి మాటే ఇంకొకరికి పడిన చోట, మాడ్రిడ్‌లో, ఆ ఒక్క క్షణం ఉండండి. 2013 ఫిబ్రవరి 5, స్పెయిన్ పార్లమెంటులో ఒక కమిటీ గది. అప్పు కట్టలేక ఇళ్లు పోయినవాళ్ల ఉద్యమం తరఫున ఆడా కొలావ్ అనే ఆమె మాట్లాడుతోంది. 2009లో బార్సిలోనాలో పుట్టిన ఉద్యమం అది. ఇల్లు బ్యాంకుకు అప్పగించినా అప్పు తీరని చట్టం వాళ్లది. ఆ ఉద్యమం బ్యాంకుల చేతుల్లో ఖాళీగా పడి ఉన్న భవనాల్లోకి వీధిన పడ్డ కుటుంబాలను చేర్చింది, అనుమతి లేకుండానే. చట్టం మార్చమని సుమారు 14 లక్షల సంతకాలు కూడా సేకరించింది. ఆమె కంటే ముందు బ్యాంకుల సంఘం ప్రతినిధి మాట్లాడి, ఉన్న చట్టం బాగానే ఉందన్నాడు. ఆమె తన వంతు రాగానే ఆయనను నేరస్తుడని, నిపుణుడిగా చూడవద్దని అంది. కమిటీ అధ్యక్షుడు ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోనంది.

సంతకాలు చేసిన లక్షల మంది మర్యాదస్తులు తేలేని కదలికను ఆ మాట తెచ్చింది. వారం తర్వాత పార్లమెంటు ఆ ప్రతిపాదనను చర్చకు తీసుకుంది. తీరా చేసిన చట్టంలో వాళ్ల ముఖ్యమైన కోరికలు లేవు. కానీ 2015లో ఆమెను బార్సిలోనా నగరం మేయరుగా ఎన్నుకుంది. యూరప్‌లో అందరికీ ఇలా జరగలేదు. 1980 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్త రాణి బియాట్రిక్స్ గద్దెనెక్కే రోజున, ఖాళీ ఇళ్లలో చేరిన యువకులు మాకు ఇళ్లేవని వీధుల్లోకి వచ్చి పోలీసులతో తలపడ్డారు. ఏళ్ల తరబడి ఖాళీ ఇంట్లో చేరినవాడికి ఎంతో కొంత రక్షణ ఇచ్చిన ఆ దేశమే 2010 అక్టోబరు 1 నుంచి దాన్ని నేరం చేసింది. కోపెన్‌హాగన్‌లో 1971లో వదిలేసిన సైనిక బారకాసుల్లో చేరి క్రిస్టియానియా అని పేరు పెట్టుకున్నవాళ్లు మాత్రం నలభై ఏళ్లు బేరమాడి, 2012లో ఒక ఫౌండేషన్ ద్వారా ఆ స్థలం చాలావరకు ప్రభుత్వం దగ్గర కొనుక్కున్నారు.

ఆ నగరాలవాళ్లకూ ఈ అడవి రైతుకూ బతుకులో పోలిక తక్కువ. వాళ్లు ఇంకొకరు కట్టి ఖాళీగా వదిలేసిన గోడల మధ్యకు పోయారు. ఈయన తాత రాళ్లు ఏరి, మొదళ్లు పెకలించి చేనును తానే చేశాడు. ఒక్కచోట మాత్రం ఇద్దరిదీ ఒకే అనుభవం. నీకు ఇక్కడ ఉండే హక్కు ఉందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పబోతే, ముందు గొంతు తగ్గించు అంటారు. కర్రకూ గొంతుకూ మధ్య గీత ఉంది, ఆ గీతను నేను గట్టిగా పట్టుకుంటాను. సార్సాలలో దాన్ని దాటారు. ఈ షామియానాలో నిలబడిన మనిషి దాటలేదు. ఆయన చేసిందల్లా మూడు తరాల మాటను మూడు నిమిషాల్లో చెప్పబోవడం. దాన్ని అమర్యాద అంటే, మర్యాద అన్నది పట్టా ఉన్నవాడికే దక్కే వస్తువైపోతుంది.

దర్బార్‌లో ఆ క్షణం గడిచింది. కలెక్టరే చెయ్యెత్తి, "చెప్పనివ్వండి" అన్నారు. ఆయన మళ్లీ మైకు దగ్గరికి వంగాడు. ఈసారి గొంతు తగ్గలేదు, పెరగలేదు. కందకం ఏ రోజు తవ్వారో, ఎంత చేను పోయిందో, ఎవరెవరు చూశారో చెప్పాడు. అర్జీ వేదిక మీదికి అందించాడు. దాని అంచున ఎర్ర ఇంకుతో నాలుగు మాటలు రాసి ఐటీడీఏ వైపు జరిపారు. పక్కనున్న గుమాస్తా తరువాతి పేరు పిలిచాడు.

ఆయన కదలలేదు.

"తారీఖు రాయుండ్రి సారూ. ఎన్నడొస్తరు? తారీఖు రాయుండ్రి."

గుమాస్తా పక్కకు జరగమని సైగ చేశాడు. వెనక వరుసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. "మాకు గూడ రాయుండ్రి తారీఖు" అంది. ఆమె పక్కనున్న ఇద్దరు లేచారు. వాళ్ల వెనక ఇంకొందరు, కవర్లు పైకెత్తి, తారీఖు, తారీఖు అంటూ. వేదిక మీద ఎవరో క్యాలెండరు కోసం వెతుకుతున్నారు.